ఎన్ని గీతలు పడ్డాయి?

తలుపు తీయగానే ఆ వాసన. చలికి వాసనేమిటి అంటారు గానీ, ఐస్ స్కేటింగ్ రింకుల్లో పెరిగినవాళ్లకి తెలుసు. తడిసిన రబ్బరు మ్యాట్లు, చెమటకి నాని ఆరిన తోలు బూట్లు, ఐసు సాపు చేసే బండి వదిలిన ఆవిరి, అన్నీ కలిసి ఒక్కసారిగా ముక్కులోకి వస్తాయి. అక్కడికి వెళ్లి చాలా ఏళ్లయింది. మొన్న స్నేహితురాలి కూతురికి ఐస్ డాన్స్ టెస్టు ఉంటే, "నువ్వుంటే దానికి ధైర్యంగా ఉంటుంది, రావే" అంది. మా కోచ్ మేడమ్ పోయి అప్పటికి నెల కూడా కాలేదు. నిజం చెప్పాలంటే ఐసు మొహం చూడాలనిపించలేదు. అయినా వెళ్లాను.

అలా కూర్చున్నానో లేదో స్పీకర్లో స్టార్‌లైట్ వాల్ట్జ్ అనే డాన్స్ సంగీతం మొదలైంది. రెండు బార్లు, అంటే రెండు తాళం చుట్లు, వినేసరికి నా కుడి మోకాలు దానంతటదే వంగింది. కాళ్లకున్నవి మామూలు చెప్పులు. పక్కన కూర్చున్నావిడ నా వంక అదోలా చూసి కొంచెం జరిగింది.

*

నేను ఐస్ డాన్సర్ని అంటే జనం వెంటనే అడిగేది, "గాల్లోకి ఎగిరి తిరుగుతారు కదా?" అని. కాదండీ, మేం ఎగరం. ఎగిరేది సింగిల్స్ వాళ్లు. అమ్మాయిని తలపైకి ఎత్తి పట్టుకునేది, దూరంగా విసిరేది పెయిర్స్ వాళ్లు. డాన్స్‌లో ఆ రెండింటికీ వీల్లేదు. ఇద్దరూ దగ్గరగా ఉండాలి, తాళం తప్పకూడదు, అడుగు శుభ్రంగా పడాలి. చూడటానికి ఇంతే. మా బ్లేడ్లు కూడా వేరు. మడమ వైపు కొస పొట్టిగా ఉంటుంది, ఒకరి బ్లేడు ఇంకొకరి బ్లేడుకి తగులుకోకుండా. పొట్టిగా ఉన్నా మాకు తగులుకునేవి, అది వేరే సంగతి.

నాకు పదకొండేళ్లు, నాకు జంటగా కుదిరిన కుర్రాడికి పదమూడు. మా ఆటలో ఆడపిల్లలు ఎక్కువ, మగపిల్లలు బహు తక్కువ. ఒక్క కుర్రాడు పార్ట్‌నర్ కోసం వెతుకుతున్నాడంటే ట్రైఅవుట్‌కి వరసకట్టేవాళ్లం. నా వంతు వచ్చేసరికి వాడప్పటికే ఆరుగురితో తిరిగి అలసిపోయి ఉన్నాడు. చెయ్యి ఇచ్చాడు. చల్లగా, తడిగా, గ్లవ్ చిరిగిపోయి ఉంది. రెండు రౌండ్లు వేశాం. మేడమ్ ఒకటే మాట అంది: "మోకాళ్లు ఒకేసారి వంగుతున్నాయి. చాలు." ఎత్తులు కుదిరాయా, మొహాలు కుదిరాయా అని ఆవిడ చూడలేదు. ఆ ఒక్క మాట మీద మా ఇద్దరి పదిహేనేళ్లు నడిచిపోయాయి.

*

తెల్లవారుజామున ఐదింటికి మా ఐసు. పగలు హాకీ వాళ్లది, సాయంత్రం అందరిదీ, మాకు మిగిలేది ఆ చీకటి గంటలే. లైట్లు వెంటనే వెలిగేవి కావు. బుయ్‌మంటూ ముందు ఊదారంగులో, తర్వాత పసుపుగా, పది నిమిషాలకి గానీ తెల్లబడేవి కావు. గోడ వెనక కంప్రెసర్ హోరు ఎప్పుడూ ఉండేది. అది ఆగితే తప్ప ఉన్నట్టే తెలిసేది కాదు.

లేసులు కట్టుకోవడమే ఒక పని. కింద కాస్త వదులుగా, చీలమండ దగ్గర బిగించి, పైన హుక్కుల దగ్గర మళ్లీ వదులుగా. వేళ్లు కొంకర్లు పోయి ముడి పడేది కాదు. కొత్త బూట్లయితే నెల రోజులు నరకం. సాన పట్టించిన బ్లేడు వచ్చిందంటే బొటనవేలి గోరు దాని మీద అడ్డంగా పెట్టి లాగేవాళ్లం. గోటి పొట్టు లేస్తే పదును ఉన్నట్టు. ఆ రోజుల్లో నా బొటనవేలి గోరు ఎప్పుడూ సగం అరిగే ఉండేది.

అద్దంలా ఉన్న కొత్త ఐసు మీదికి మొదట దిగడం కోసం ఇద్దరం తోసుకునేవాళ్లం. మంచి ఎడ్జ్‌కి, అంటే బ్లేడు అంచు మీద వాలి వెళ్లడానికి, ఒక శబ్దం ఉంటుంది. దళసరి గుడ్డని మెల్లగా చించినట్టు, లోతుగా. తప్పుడు అడుగుకి గరగరమంటుంది. మేడమ్ మాకు వీపు తిప్పి నిలబడి కూడా ఎవరి కాలు తప్పిందో చెప్పేది.

*

బ్లేడు అంటే చాకు అంచులా ఉంటుందనుకుంటారు. కాదు. దాని అడుగున సన్నటి గాడి ఉంటుంది. గాడికి అటొక అంచు, ఇటొక అంచు. ఒళ్లు ఒక పక్కకి వాల్చి, ధైర్యంగా ఒక్క అంచు మీదే వెళ్తే ఐసు మీద ఒక్క గీత పడుతుంది. భయపడి నిటారుగా వెళ్తే రెండు అంచులూ తగిలి రైలు పట్టాల్లా పక్కపక్కనే రెండు గీతలు.

మేడమ్ తిట్టేది కాదు. తిడితే బావుండేది. సంగీతం ఆపి, మమ్మల్ని పిలిచి, మేమొచ్చిన దారిలో ఐసు మీద మోకాలు ఆనించి వంగేది. గ్లవ్ తీసి, వేలు పెట్టి చూపించేది.

"ఎన్ని గీతలు?"

"రెండు."

"ఎవరిది?"

అక్కడ ఇద్దరం నోరు మూసుకునేవాళ్లం. గీత చూసి ఎవరిదో చెప్పడం ఆవిడకి నిమిషం పని. అయినా మా నోటితోనే చెప్పించేది. "నాదే మేడమ్" అన్నాక, "మళ్లీ" అనేది. అంతే. ఆ "మళ్లీ"కి లెక్క లేదు.

రెండో అలవాటు, చేతిలో ఎప్పుడూ ఒక బ్లేడ్ గార్డు, బ్లేడుకి వేసే తొడుగు. గట్టి ప్లాస్టిక్‌ది, ఒక కొస పగిలి ఉండేది. దాంతో రింక్ చుట్టూ ఉన్న చెక్క గోడ మీద తాళం వేసేది. టక్ టక్ టక్. స్టార్‌లైట్ వాల్ట్జ్‌కి నిమిషానికి 58 బార్లు, బారుకి మూడు దెబ్బలు, అంటే 174. తాళం కొట్టే యంత్రం, మెట్రోనోమ్, పెట్టి చూశాం ఒకసారి, ఆవిడ తప్పుతుందేమో దొరకబుచ్చుకుందామని. తప్పలేదు.

*

ఈ కాలం పిల్లలకి కంపల్సరీ డాన్స్ అంటే ఏమిటో చెప్పాలి. మా రోజుల్లో పోటీకి మూడు భాగాలు: కంపల్సరీలు, ఇచ్చిన తాళానికి మనం కూర్చుకునే ఒరిజినల్ డాన్స్, మన ఇష్టానికి చేసే ఫ్రీ డాన్స్. కంపల్సరీ అంటే అందరికీ అదే డాన్స్, అదే సంగీతం, అవే అడుగులు. ఐసు మీద ఏ మూలలో ఏ అడుగు పడాలో కూడా పుస్తకంలో బొమ్మ గీసి ఉంటుంది. ఇరవై జంటలు వస్తే ఇరవై సార్లు అదే వాల్ట్జ్. ప్రేక్షకులు లేచి బయటికి పోయేవాళ్లు. ఒకసారి హాల్లో జడ్జీలు, తల్లిదండ్రులు, తుడిచే మనిషి తప్ప ఎవరూ లేరు.

మాకు మాత్రం అసలు పరీక్ష అదే. ఫ్రీ డాన్స్‌లో తప్పు దాచొచ్చు. చెయ్యి ఊపి, తల విదిల్చి, డ్రెస్సు మెరిపించి నెట్టుకొచ్చేయొచ్చు. ఇక్కడ పక్క జంట వేసిన అడుగే నువ్వూ వేయాలి. ఎక్కడ దాక్కుంటావు?

ఆ డాన్సుల వెనక కూడా మనుషుల చరిత్రే ఉంది. ఆర్జెంటీన్ టాంగో పేరు చూసి అది అక్కడ పుట్టిందనుకునేదాన్ని. కాదు, 1934లో లండన్‌లో రెజినాల్డ్ విల్కీ, డాఫ్నీ వాలిస్ అనే జంట కూర్చింది. పాసో డోబ్లే, క్విక్‌స్టెప్ కూడా వాళ్లవే. టాంగో రొమాంటికా మాత్రం రష్యన్లది. ల్యుద్మిలా పఖోమోవా, అలెగ్జాండర్ గోర్ష్కోవ్ తమ కోచ్ ఎలేనా చైకోవ్‌స్కాయాతో కలిసి 1970ల్లో కూర్చారు. ఐస్ డాన్స్‌ని ఒలింపిక్స్‌లో చేర్చిన 1976లో మొదటి బంగారు పతకం కూడా ఆ జంటదే. మేడమ్ ఈ కథలన్నీ బ్లేడ్లు తుడుచుకునేటప్పుడు చెప్పేది. అడుగు వేసేటప్పుడు అది వేసిన మొదటి మనిషి గుర్తుండాలి అనేది. నాకైతే అప్పుడు కాళ్ల నొప్పులు తప్ప ఏదీ గుర్తుండేది కాదు.

*

మేడమ్ దగ్గర ఒక వీడియో క్యాసెట్ ఉండేది. పదేపదే వేసి చారలు పడిపోయింది. 1984 సరయెవో ఒలింపిక్స్, బ్రిటిష్ జంట జేన్ టోర్విల్, క్రిస్టఫర్ డీన్. ఊదారంగు బట్టలు, రావెల్ అనే సంగీతకారుడి బొలెరో. అప్పట్లో అన్నిటికంటే పెద్ద మార్కు 6.0. అలాంటివి పన్నెండు పడ్డాయి వాళ్లకి, కళాత్మకతకి తొమ్మిది మంది జడ్జీలూ 6.0 ఇచ్చారు. కానీ మేడమ్ టేపు ఆపి చూపించేది మార్కుల్ని కాదు, మొదటి పద్దెనిమిది సెకన్లని. నిబంధన ప్రకారం డాన్స్ నాలుగు నిమిషాల పది సెకన్లు దాటకూడదు. వాళ్లు ఎంత కుదించినా సంగీతం నాలుగు నిమిషాల ఇరవై ఎనిమిది సెకన్ల కంటే తగ్గలేదట. టైము లెక్క బ్లేడు ఐసుకి తగిలి స్కేటింగ్ మొదలైనప్పటి నుంచి కదా. అందుకని మొదటి పద్దెనిమిది సెకన్లు ఇద్దరూ మోకాళ్ల మీదే ఉండి ఊగుతారు. "రూలు పుస్తకం చదవండర్రా, అందులోనే డాన్స్ ఉంది" అనేది.

మేం చేసిన పని మాత్రం, మర్నాడు ప్రాక్టీస్‌లో మోకాళ్ల మీద కూలబడి ఊగడం. పది సెకన్లు కాకముందే మోకాళ్లు తడిసి, మంట పుట్టి, లేవబోయి వాడు నా చెయ్యి మీద పడ్డాడు. మేడమ్ నవ్వాపుకోలేక అటు తిరిగింది. ఆవిడ నవ్వగా చూసింది చాలా తక్కువ.

*

మా పాటలన్నీ క్యాసెట్ల మీదే. రెండు క్యాసెట్లలో ముక్కలు ఎత్తి మూడోదాంట్లో అతికేవాళ్లం. గొంతు వినపడే పాట పనికొచ్చేది కాదు. డాన్స్‌లో మాటలున్న పాటలకి ఒప్పుకున్నది 1997 సీజన్ నుంచే. అప్పటిదాకా మంచి పాట దొరికితే దాని వాయిద్యం మాత్రమే ఉన్నది ఎక్కడుందా అని వెతుక్కోవడం. ఒకసారి మా టేపు మధ్యలో నలిగిపోయింది. సంగీతం సాగి సాగి, దున్నపోతు మూలిగినట్టు అయ్యి, ఆగింది. హాల్ నిండా జనం. నేను స్పిన్‌లో ఉన్నాను. రిఫరీ విజిల్ వేశాడు. మా వాడు నా చెయ్యి వదలకుండానే, పెదాలు కదపకుండా, "రెండో క్యాసెట్టు నీ బ్యాగ్‌లో ఉందా, నా బ్యాగ్‌లోనా?" అన్నాడు. ఇద్దరి బ్యాగుల్లోనూ లేదు. గదిలో ఉంది.

ఇంకో పోటీలో ఎవరి డ్రెస్సు నుంచో ఊడిన పూస ఐసు మీద ఉండిపోయింది. ఆవగింజంత పూస. నా బ్లేడు దాని మీదికి ఎక్కింది. ఎక్కడి వేగం అక్కడ ఆగిపోయి గడ్డం మీద పడ్డాను. నాలుగు కుట్లు. బట్టల మీంచి ఏదైనా ఊడి పడితే మార్కులు ఎందుకు కోస్తారో అప్పుడు తెలిసింది. ఇప్పటికీ ఎవరి చీర మీదైనా వదులుగా వేలాడే పూస కనపడితే నా చెయ్యి గడ్డం మీదికి పోతుంది.

*

జడ్జీల గురించి రాయకుండా ఉండలేను. 6.0 పద్ధతిలో అంకె కంటే ర్యాంకు ముఖ్యం. తొమ్మిది మందిలో ఎక్కువ మంది నిన్ను ఎన్నో స్థానంలో పెట్టారన్నదే లెక్క. జడ్జీలు ముందురోజు ప్రాక్టీస్‌కి కూడా వచ్చి పుస్తకాల్లో రాసుకునేవాళ్లు. అందుకని ప్రాక్టీస్‌కి కూడా జుట్టు దువ్వి, లిప్‌స్టిక్ వేసుకుని వెళ్లేవాళ్లం. మొదటి కంపల్సరీలో ఏ స్థానం వస్తే చివరిదాకా దాదాపు అదే. పైవాళ్లు పడ్డా ఒక్కోసారి కిందికి రారు. ఒకసారి, మా కంటే పై జంట ఫ్రీ డాన్స్‌లో పడింది. మేం తప్పు లేకుండా చేశాం. స్థానం మారలేదు. తర్వాత ఒక జడ్జి గారు మెట్ల దగ్గర ఎదురై, చాలా ఆప్యాయంగా, "మీ టైము వస్తుందమ్మా" అన్నారు. మార్కులు తక్కువ వచ్చినందుకు ఏడవలేదు గానీ, ఆ ఆప్యాయతకి ఏడిచాను.

2002లో సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో పెయిర్స్ తీర్పు మీద గొడవ అయ్యాక ఆ పద్ధతే పోయింది. 2004 నుంచి కొత్తది. ప్రతి అంశానికీ ఎంత కష్టమో చెప్పే ఒక లెవెల్, వీడియో పెట్టి వెనక్కి తిప్పి చూసే ప్యానెల్, పడితే ఒక పాయింటు కోత. న్యాయంగానే ఉంది, కాదనను. మా చివరి రెండు సీజన్లు అందులోనే. తలపైకి పోని మా డాన్స్ లిఫ్ట్‌కి ఆరు సెకన్లని లెక్కపెట్టుకుంటూ, నన్ను ఎత్తిన వాడు నా చెవిలో "నాలుగు... ఐదు..." అని గొణుగుతుంటే, నేను ప్రేమగా వాడి కళ్లలోకి చూస్తూ నటించాలి. ఆ ఫొటో ఒకటి ఇంట్లో ఉంది. చూసినవాళ్లంతా ఎంత లీనమైపోయారో అంటారు.

*

వాడితో పెళ్లెందుకు కాలేదని అడగని మనిషి లేదు. ఏం చెప్పను? రోజుకి నాలుగు గంటలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నాం. వాడి భుజం బిగిస్తే ఆ పూట ఇంట్లో ఏదో జరిగిందని నాకు తెలిసేది. నాకు జ్వరం వస్తున్న సంగతి నా కంటే ముందు వాడి అరచేతికి తెలిసేది. ఒకసారి నెల రోజులు మాటల్లేవు, కారణం ఇప్పుడు ఇద్దరికీ గుర్తు లేదు. ఆ నెలంతా కూడా ఐదింటికి వచ్చి, చేతులు పట్టుకుని, చెంపకి చెంప ఆనించి టాంగో చేసి, గార్డులు తొడుక్కుని ఎటు వాళ్లం అటు పోయేవాళ్లం. మేడమ్ ఏమీ అడగలేదు. పైగా "ఈ నెల టాంగో బాగుంది" అంది.

మానేసిన రోజు పెద్దగా ఏమీ జరగలేదు. నా తుంటి నొప్పి, వాడి నడుం నొప్పి. ఒక పోటీకి పేరు ఇవ్వలేదు, తర్వాతదానికీ ఇవ్వలేదు. బూట్లు ఇంట్లో అటక మీదికి వెళ్లాయి.

2010లో కంపల్సరీలు ఎత్తేశారు. ఆ ఏడాది వాంకూవర్ ఒలింపిక్స్‌లో వచ్చిన చివరి కంపల్సరీ మా టాంగో రొమాంటికానే. టీవీ ముందు కూర్చుని జంట తర్వాత జంటని చూస్తూనే ఉన్నాను. ఇంట్లోవాళ్లు విసుక్కుని లేచిపోయారు. తర్వాత ఆ అడుగులని ముక్కలు చేసి షార్ట్ డాన్స్‌లో కలిపారు, 2018 నుంచి దాని పేరు రిథమ్ డాన్స్. చూడటానికి ఇదే బాగుంటుంది, టీవీ వాళ్లకీ బాగుంటుంది. ఆ రాత్రి మేడమ్‌కి ఫోన్ చేశాను. కంపల్సరీలు పోయినందుకు ఆవిడ బాధపడుతుందేమోనని. "టెస్టుల్లో ఉంటాయిలే, పిల్లలకి నేర్పాలిగా. నీ తుంటి ఎలా ఉంది?" అంది.

మొన్న ఆవిడ పోయిందని తెలిసిన రాత్రి వాడు ఫోన్ చేశాడు. హలో లేదు, ఏమీ లేదు. ఫోన్లోంచి బల్ల మీద కొట్టిన చప్పుడు. టక్ టక్ టక్. టక్ టక్ టక్. ఇద్దరం చాలాసేపు అలాగే ఉన్నాం. తర్వాత వాడు, "టెంపో సరిగ్గా వచ్చిందా?" అన్నాడు. "కొంచెం తగ్గింది" అన్నాను.

*

టెస్టు సంగతి. పాప బాగానే చేసింది. ఒక్క చోట, మూల తిరిగేటప్పుడు భయపడింది. అది నాకు కనపడకముందే వినపడింది, గరగరమని. ఫలితం ఇంకా చెప్పలేదు. వాళ్లమ్మ జడ్జీల గది చుట్టూ తిరుగుతోంది. నేను మెట్లు దిగి, గోడ తలుపు తీసి, చెప్పులతోనే ఐసు అంచు మీద వంగాను. మోకాలు కలుక్కుమంది.

పాప జారుకుంటూ వచ్చి నా ముందు ఆగింది. "ఏం పోయింది ఆంటీ? చెవి పోగా?"

"కాదు. ఇలా వంగు. ఇక్కడ ఎన్ని గీతలున్నాయి?"

వంగి చూసింది. గ్లవ్ తీసి వేలు పెట్టి తడిమింది.

"రెండు."

అటు చివర ఐసు బండి హారన్ కొట్టింది, పక్కకి తప్పుకోమని.